ఒకే జీన్, కండరంలో ఒక ఎంజైమ్, ప్లీహంలో ఇంకొకటి: ల్యాబ్‌లో తేల్చుకోవడం ఎలా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వైపు ల్యాబ్‌లలో చేరినవాళ్లు, అటు గచ్చిబౌలి క్యాంపస్‌వాళ్లు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. “ఒకే జీన్ కండరంలో ఒక రకం ఎంజైమ్, ప్లీహంలో ఇంకో రకం తయారుచేస్తుందని చదివాం సార్. పీసీఆర్ చేసి జెల్ మీద వేస్తే అన్ని టిష్యూలలోనూ ఒకే ఎత్తులో ఒకే బ్యాండ్ వస్తోంది. తప్పు ఎక్కడ జరిగింది?”

తప్పేమీ జరగలేదు. పీసీఆర్ అంటే డీఎన్‌ఏ ముక్కకి లక్షల నకళ్లు తీయడం, జెల్ వాటిని పొడవును బట్టి విడదీస్తుంది. అక్కడ ఒకే బ్యాండ్ రావాలి. ఆ బ్యాండ్ లోపల ఏ రకం ఎంత ఉందో తేల్చేది తర్వాతి పని. చాలామంది అక్కడిదాకా వెళ్లకుండానే ‘తేడా లేదు’ అని రికార్డులో రాసేస్తున్నారు. అందుకే మొత్తం పద్ధతిని ఒకచోట పెడుతున్నాను.

ఉదాహరణగా పైరువేట్ కైనేజ్‌ని తీసుకుందాం. గ్లైకాలసిస్ (కణం గ్లూకోజ్‌ని విరిచే దారి) చివరి మెట్టులో పీఈపీ (ఫాస్ఫోఈనాల్‌పైరువేట్) నుంచి ఫాస్ఫేట్ తీసి ఏడీపీకి ఇచ్చేది ఇదే. పీకేఎం అనే జీన్‌లో ఎక్సాన్ 9, ఎక్సాన్ 10 పక్కపక్కనే ఉంటాయి. ఎక్సాన్ అంటే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలో మిగిలే జీన్ ముక్క, మధ్యలో తీసేసే ముక్కలు ఇంట్రాన్‌లు, ఎక్సాన్‌లను అతికే పని స్ప్లైసింగ్. స్ప్లైసింగ్‌లో మామూలుగా ఒక ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలోకి వీటిలో ఒక్కటే వస్తుంది. 9 వస్తే ఎం1 రకం, 10 వస్తే ఎం2 రకం. ఎముకలకు అంటుకున్న కండరాల్లో, గుండెలో, మెదడులో ఎం1 ఎక్కువ. పిండ దశలో, వేగంగా విభజన చెందే కణాల్లో, ప్లీహం, ఊపిరితిత్తుల వంటి వాటిలో ఎం2 ఎక్కువ. ఈ రెండూ ఒకే జీన్ నుంచి స్ప్లైసింగ్ ద్వారా వస్తాయని 1986లో జపాన్ పరిశోధకులు ఎలుకలో చూపించారు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఎక్సాన్ 9 పొడవు 167 బేస్‌లు. ఎక్సాన్ 10 పొడవు కూడా 167 బేస్‌లే. రెండు ప్రొటీన్లలోనూ 531 అమైనో ఆమ్లాలు, తేడా 22 చోట్ల మాత్రమే. పొడవులో తేడా లేనప్పుడు జెల్ వాటిని ఎలా విడదీస్తుంది? అందుకే ఎక్సాన్ 10ని మాత్రమే కోసే ఎంజైమ్‌తో కోసి, అప్పుడు జెల్ మీద చూస్తాం.

ముందుగా: మీ ఎంజైమ్ ఏ కోవది?

పీకేఎం కాకుండా వేరే ఎంజైమ్ మీద పనిచేసేవాళ్లు ఇది వదిలేయొద్దు. ‘ఐసోఎంజైమ్’ (ఒకే పని చేసే ఎంజైమ్‌ల వేర్వేరు రకం) అని పుస్తకంలో కనిపించిన ప్రతిదీ ఒకే జీన్ నుంచి రాదు. అందరూ ఉదాహరణగా రాసే ఎల్‌డీహెచ్‌నే (లాక్టేట్ డీహైడ్రోజినేజ్) చూడండి. గుండె రకం, కండరం రకం రెండు వేర్వేరు జీన్‌ల ఉపయూనిట్లు. నాలుగేసి కలిసి అయిదు రకాలుగా కనిపిస్తాయి. క్రియాటిన్ కైనేజ్‌లో కండరం రకం, మెదడు రకం కూడా అంతే, రెండు జీన్‌లు. వీటికి కింది పద్ధతి పనికిరాదు.

నిజంగా ఒకే జీన్ అయినా దారులు వేరుగా ఉండొచ్చు. పైరువేట్ కైనేజ్‌దే ఇంకో జీన్ పీకేఎల్‌ఆర్, కాలేయంలో ఒక ప్రమోటర్ (జీన్ చదవడం మొదలయ్యే చోటు) నుంచి, ఎర్ర రక్తకణాల పూర్వకణాల్లో ఇంకో ప్రమోటర్ నుంచి మొదలవుతుంది. అక్కడ తేడా మొదటి ఎక్సాన్‌లో ఉంటుంది కాబట్టి ఫార్వర్డ్ ప్రైమర్‌ని (పీసీఆర్ ముక్క మొదటి కొనని నిర్ణయించే చిన్న డీఎన్‌ఏ) అక్కడే పెట్టాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సంగతి ఇంకోలా ఉంటుంది. కాలేయం, ఎముక, కిడ్నీ రకాలు ఒకే జీన్ నుంచి వస్తాయి, ప్రొటీన్ వరుస కూడా ఒకటే. తేడా అంతా దాని మీద అతుక్కునే చక్కెరల్లో ఉంటుంది. దాన్ని ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలో వెతికితే దొరకదు. వేడికి తట్టుకునే గుణాన్నో, ఎలక్ట్రోఫోరెసిస్‌నో ఆశ్రయించాలి.

అరగంట కంప్యూటర్ ముందు కూర్చుంటే ఈ విషయం తేలిపోతుంది. ప్రొటీన్ల డేటాబేస్ యూనిప్రాట్‌లో మీ ఎంజైమ్ తెరిచి ఐసోఫామ్‌ల (ఒకే జీన్ నుంచి వచ్చే ప్రొటీన్ రకాల) భాగం చూడండి. మానవ పీకేఎంకి నంబర్ పీ14618. అక్కడ మొదటి ఐసోఫామ్‌గా కనిపించేది ఎం2, రెండోది ఎం1. చాలామంది అంకె చూసి తారుమారు చేస్తారు. తర్వాత మానవ టిష్యూలలో జీన్‌ల వాడకాన్ని చూపించే జీటెక్స్ డేటాబేస్‌లో అదే జీన్ వెతకండి. జీన్ మొత్తం లెక్క దగ్గర ఆగకుండా ఎక్సాన్‌లవారీగా చూపించే పేజీకి వెళ్లండి. ఏ టిష్యూలో ఏ ఎక్సాన్ వెలుగుతోందో ముందే తెలిస్తే, జెల్ మీద ఏం రావాలో మీకొక అంచనా ఉంటుంది.

కావలసినవి

• శాంపిళ్లు: ఎలుక కండరం, గుండె, మెదడు, ప్లీహం, ఊపిరితిత్తి, కాలేయం. ఒక్కోటి 50 నుంచి 100 మిల్లీగ్రాములు చాలు.
• ట్రైజాల్ (కణాలను కరిగించి ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రవం), క్లోరోఫామ్, ఐసోప్రొపనాల్, 75 శాతం ఇథనాల్, ద్రవ నైట్రోజన్
• డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏని నాశనం చేసే ఎంజైమ్), సీడీఎన్‌ఏ కిట్ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు తీసేది), ట్యాక్ పాలిమరేజ్
• ప్రైమర్లు: ఫార్వర్డ్ ఎక్సాన్ 8లో, రివర్స్ ఎక్సాన్ 11లో
• పీఎస్‌టీ-1 రిస్ట్రిక్షన్ ఎంజైమ్ (ఒక నిర్ణీత వరుస ఉన్న చోట డీఎన్‌ఏని కోసేది), దాని బఫర్
• అగరోజ్, 50 లేదా 100 బేస్‌ల ల్యాడర్, జెల్ ఫొటో తీసే యంత్రం, ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్

ఎలుకల విషయంలో ఒక హెచ్చరిక. మీ సంస్థ జంతు నైతికతా కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోవద్దు. అనుమతి ఉన్న వేరే ప్రయోగంలో మిగిలే టిష్యూని అడిగి తీసుకోవడం మంచి దారి. అదీ కుదరకపోతే సీ2సీ12 అనే ఎలుక కండర పూర్వకణాలు పెంచండి. మామూలుగా పెరుగుతున్నప్పుడు వాటిలో ఎం2 ఎక్కువ. మీడియంలో సీరం మార్చి 2 శాతం గుర్రపు సీరం పెడితే నాలుగైదు రోజుల్లో అవి కలిసి కండర నాళికలుగా మారతాయి, ఎం1 పెరుగుతుంది. డిగ్రీ, పీజీ ప్రాజెక్టుకి నేనైతే దీన్నే సిఫార్సు చేస్తాను. మొదటి శాంపిల్ తీసేటప్పుడు మాత్రం ప్లేట్ నిండిపోనివ్వకండి. కణాలు కిక్కిరిస్తే వాటంతటవే మారడం మొదలుపెడతాయి, మీ ‘జీరో డే’ పాడవుతుంది.

పని మొదలుపెడదాం

1. సీక్వెన్స్ మీరే చూసుకోండి.

జీన్‌ల డేటాబేస్ ఎన్సెంబుల్ నుంచి మీ జీవి తాలూకు రెండు ట్రాన్‌స్క్రిప్టులూ (ఎం1, ఎం2ల ఆర్‌ఎన్‌ఏ వరుసలు) దించుకుని పక్కపక్కన పెట్టండి. డేటాబేస్ ఎంచుకున్న ట్రాన్‌స్క్రిప్టును బట్టి ఎక్సాన్ వరుస సంఖ్య మారవచ్చు. సంఖ్యని నమ్మకండి, 167 బేస్‌ల జంటని వెతికి పట్టుకోండి. ప్రైమర్ల మధ్య ముక్కలో పీఎస్‌టీ-1 గుర్తుపట్టే వరుస (సీ-టీ-జీ-సీ-ఏ-జీ) ఎం2లో ఒక్కసారే ఉండాలి, ఎం1లో ఉండకూడదు. మనిషిలో, ఎలుకలో ఈ ఎంజైమ్ ఎక్సాన్ 10ని కోస్తుంది. వేరే జంతువైతే చూడకుండా ఆర్డర్ పెట్టకండి. మనిషి ప్రైమర్లను ఎలుక మీద వాడేసి ‘బ్యాండ్ రాలేదు’ అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

కోసిన ముక్కల పొడవు ముందే కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకి మీ పీసీఆర్ ముక్క 400 బేస్‌లు, కోత 220 దగ్గర పడుతుంది అనుకుందాం. అప్పుడు ఎం1 400 దగ్గరే నిలుస్తుంది, ఎం2 220, 180 ముక్కలవుతుంది. రెండు ముక్కలూ మరీ దగ్గరి పొడవైతే జెల్ మీద కలిసిపోతాయి. ప్రైమర్‌ను కాస్త జరిపితే సరిపోతుంది.

2. టిష్యూని వెంటనే గడ్డకట్టించండి.

ముక్క తీసిన నిమిషాల్లో చల్లని పీబీఎస్‌లో రక్తం కడిగేసి ద్రవ నైట్రోజన్‌లో వేయాలి. ఒక క్యాంపస్‌లో టిష్యూ తీసి ఇంకో క్యాంపస్‌కి పట్టుకెళ్లేవాళ్లు మామూలు ఐస్ బాక్స్‌ని నమ్ముకోవద్దు. మే నెల మధ్యాహ్నం ఉప్పల్ నుంచి గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఐస్ నీళ్లయిపోతుంది. డ్రై ఐస్ దొరకకపోతే ముక్కల్ని సన్నగా కోసి ఆర్‌ఎన్‌ఏ లేటర్ అనే, ఆర్‌ఎన్‌ఏని కాపాడే ద్రవంలో ముంచి తీసుకెళ్లండి. ముక్క మందం అర సెంటీమీటర్ దాటితే లోపలికి ద్రవం అందదు.

3. ఆర్‌ఎన్‌ఏ తీయండి.

కండరం, గుండె పీచుగా ఉంటాయి. వాటిని ద్రవ నైట్రోజన్ పోస్తూ కల్వంలో మెత్తటి పొడి చేశాకే ట్రైజాల్ కలపాలి. 1 ఎంఎల్ ట్రైజాల్‌కి 100 మిల్లీగ్రాములు మించొద్దు. ప్లీహంలో డీఎన్‌ఏ ఎక్కువ కాబట్టి ఇంకా తక్కువ తీసుకోండి. 1 ఎంఎల్ ట్రైజాల్‌కి 0.2 ఎంఎల్ క్లోరోఫామ్ కలిపి, 4 డిగ్రీల దగ్గర 12,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పండి. పై పొరని తీసుకునేటప్పుడు అత్యాశ వద్దు. మధ్యలో తెల్లటి పొర పిపెట్‌లోకి వచ్చిందంటే డీఎన్‌ఏ వచ్చేసినట్టే. తీసిన పొరకి 0.5 ఎంఎల్ ఐసోప్రొపనాల్ కలిపి ఆర్‌ఎన్‌ఏని దింపి, 75 శాతం ఇథనాల్‌తో కడగండి.

సరిచూసుకోండి: 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ నిష్పత్తి (260/280) 2 దగ్గర ఉండాలి. 260/230 తక్కువగా ఉంటే ట్రైజాల్ లవణాలు మిగిలాయని అర్థం, ఇంకోసారి ఇథనాల్‌తో కడగండి. అగరోజ్ మీద 28ఎస్, 18ఎస్ (రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ) బ్యాండ్లు రెండూ స్పష్టంగా కనబడాలి. శోషణ కొలిచే నానోడ్రాప్ యంత్రం అంకె బాగుందని ఈ జెల్ మానేయొద్దు. ముక్కలైపోయిన ఆర్‌ఎన్‌ఏ కూడా మంచి అంకే చూపిస్తుంది.

4. డీఎన్‌ఏజ్, సీడీఎన్‌ఏ.

‘ప్రైమర్లు వేర్వేరు ఎక్సాన్‌లలో ఉన్నాయి కదా, డీఎన్‌ఏజ్ ఎందుకు?’ అంటారు. గ్లైకాలసిస్ జీన్‌లలో కొన్నింటికి ఇంట్రాన్‌లు లేని నకలు జీన్‌లు క్రోమోజోమ్‌లలో ఉంటాయి. జీఏపీడీహెచ్ ఇందులో పేరుమోసినది. కాబట్టి డీఎన్‌ఏజ్ వాడండి. ప్రతి శాంపిల్‌కీ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (సీడీఎన్‌ఏని తయారుచేసే ఎంజైమ్) వేయని ట్యూబ్ ఒకటి పెట్టండి. అన్ని శాంపిళ్లకూ సమానంగా 1 మైక్రోగ్రామ్ ఆర్‌ఎన్‌ఏ తీసుకోండి.

5. పీసీఆర్: సైకిళ్లు తగ్గించండి.

అసలు గొడవంతా ఇక్కడే. బ్యాండ్ బాగా మెరవాలని 35, 40 సైకిళ్లు పెడతారు. చివరి సైకిళ్లలో ప్రైమర్లు తరిగిపోయాక, ఎం1 పోగు ఒకటి, ఎం2 పోగు ఒకటి జతకూడడం మొదలవుతుంది. రెండింటి కొనలు ఒకటే, మధ్యలోనే తేడా కాబట్టి అవి తేలిగ్గా కలుస్తాయి. ఈ కలగాపులగపు జంటని పీఎస్‌టీ-1 కోయలేదు. మీరేమో కోయని బ్యాండ్ మొత్తాన్ని ఎం1 ఖాతాలో వేసేస్తారు. రెండు రకాలూ ఉన్న శాంపిల్‌లోనే ఈ తప్పు జరుగుతుంది. అంటే మీకు జవాబు కావలసిన చోటే.

ముందు ఒకే శాంపిల్‌ని 22, 25, 28, 31 సైకిళ్ల దగ్గర ఆపి చూడండి. బ్యాండ్ ఇంకా పెరుగుతూనే ఉన్న దశలో ఆపాలి. మామూలుగా 25 నుంచి 28 మధ్య సరిపోతుంది. కాలేయం లాంటి బలహీనమైన శాంపిల్‌కి సైకిళ్లు పెంచక తప్పకపోతే, పీసీఆర్ అయ్యాక ఆ ద్రవాన్ని పదింతలు పలచన చేసి, కొత్త ప్రైమర్లు, కొత్త పాలిమరేజ్‌తో రెండు మూడు సైకిళ్లు తిప్పండి. కలగాపులగపు జంటలు చాలావరకు విడిపోతాయి.

6. పీఎస్‌టీ-1తో కోత.

10 మైక్రోలీటర్ల పీసీఆర్ ద్రవం, 2 మైక్రోలీటర్ల పదింతల గాఢత బఫర్, 10 యూనిట్ల ఎంజైమ్, మొత్తం నీటితో 20 మైక్రోలీటర్లు. 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు. ఎంజైమ్ పరిమాణం మొత్తంలో పదో వంతు దాటకూడదు. అందులోని గ్లిసరాల్ ఎక్కువైతే ఎంజైమ్ కోయకూడని చోట కూడా కోస్తుంది. ప్రతి శాంపిల్‌కీ ఎంజైమ్ బదులు నీళ్లు వేసిన ట్యూబ్ ఒకటి పక్కనే నడవాలి. కరెంటు పోయే అవకాశం ఉంటే వాటర్ బాత్ బదులు యూపీఎస్ మీద ఉన్న పీసీఆర్ యంత్రాన్నే 37 దగ్గర పెట్టి వాడుకోండి.

7. జెల్.

2.5 శాతం అగరోజ్, తక్కువ వోల్టేజి, ఓపిక. లేన్ల వరుస ఇలా పెట్టండి: ల్యాడర్, కండరం కోయనిది, కండరం కోసినది, ప్లీహం కోయనిది, ప్లీహం కోసినది. కోయని రెండు లేన్లూ ఒకేలా కనబడతాయి, 400 దగ్గర చెరొక బ్యాండ్. కోసిన కండరం లేన్‌లో ఆ బ్యాండ్ దాదాపు కదలకుండా అక్కడే ఉంటుంది, కింద 220, 180 దగ్గర పలచటి గీతలు ఉండీ లేనట్టు కనిపించొచ్చు. కోసిన ప్లీహం లేన్‌లో పైది దాదాపు ఖాళీ, కింద రెండు గట్టి బ్యాండ్లు. జీన్ ఒకటే, ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలు రెండని చూపించేది ఈ ఫొటోయే.

8. లెక్క.

ఇమేజ్‌జేలో మూడు బ్యాండ్ల తీవ్రత కొలవండి. ఎం2 శాతం = కింది రెండు బ్యాండ్ల మొత్తం ÷ మూడు బ్యాండ్ల మొత్తం × 100. చిన్న ముక్కకి రంగు తక్కువ పడుతుంది కాబట్టి కింది రెండింటిలో ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే ఎం2 తక్కువగా వస్తుంది. ఫొటోలో బ్యాండ్ పూర్తిగా తెల్లబడిపోతే ఆ ఫొటో లెక్కకు పనికిరాదు, ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తీయండి.

ఫలితాన్ని నమ్మొచ్చా?

మొదటి పరీక్ష: అదే శాంపిల్‌ని రెండు గంటలు ఒకసారి, రెట్టింపు ఎంజైమ్‌తో ఇంకా ఎక్కువసేపు ఒకసారి కోయండి. శాతం మారితే మొదటి కోత పూర్తికాలేదు.

రెండో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. మీ సీక్వెన్స్‌లో ఎక్సాన్ 9ని మాత్రమే కోసే ఎంజైమ్ ఒకటి వెతకండి. రెండు ఎంజైమ్‌లూ కలిపి వేస్తే పైన ఏమీ మిగలకూడదు. మిగిలిందంటే అయిదో మెట్టులో చెప్పిన కలగాపులగపు జంటలు గానీ, పూర్తికాని కోత గానీ ఉన్నట్టు.

మూడోది: ఎం1, ఎం2 ప్లాస్మిడ్లు (ఆ రకం సీడీఎన్‌ఏని చేర్చిన గుండ్రటి డీఎన్‌ఏలు) దొరికితే తెలిసిన నిష్పత్తుల్లో కలిపి (0, 25, 50, 75, 100 శాతం) పీసీఆర్ నుంచి మొదలుపెట్టి ఇదంతా చేయండి. వచ్చిన శాతం, కలిపిన శాతం గ్రాఫ్‌లో సరళరేఖగా రావాలి.

ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ దగ్గరే ఆగొద్దు

మనం అడిగింది ఎంజైమ్ గురించి. యాంటీబాడీతో ప్రొటీన్‌ని పట్టుకునే వెస్టర్న్ బ్లాట్‌లో మళ్లీ అదే చిక్కు. రెండు ప్రొటీన్లూ 58 కిలోడాల్టన్ల దగ్గరే ఉంటాయి, రెండింటినీ పట్టుకునే యాంటీబాడీ వాడితే మళ్లీ ఒకే బ్యాండ్. ఎం1కి, ఎం2కి విడివిడి యాంటీబాడీలు తీసుకుని, రెండింటినీ కండరం, ప్లీహం శాంపిళ్ల మీద పరీక్షించాకే అసలు శాంపిల్ వేయండి.

డబ్బులు తక్కువైతే యాక్టివిటీ పరీక్షే మేలు. పైరువేట్ కైనేజ్ తయారుచేసిన పైరువేట్‌ని ఎల్‌డీహెచ్‌కి అందించి, ఎన్‌ఏడీహెచ్ తగ్గడాన్ని 340 నానోమీటర్ల దగ్గర చూస్తారు. స్పెక్ట్రోఫొటోమీటర్ ఉన్న ఏ కాలేజీలోనైనా చేయొచ్చు. పీఈపీని తక్కువ గాఢతలో పెట్టి, ఫ్రక్టోజ్ 1,6-బిస్‌ఫాస్ఫేట్ కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి వేగం కొలవండి. ఎం2 దాంతో చురుగ్గా మారుతుంది, ఎం1లో పెద్ద మార్పు ఉండదు. బఫర్‌లో మెగ్నీషియంతో పాటు పొటాషియం తప్పనిసరి. పొటాషియం మర్చిపోయి ‘ఎంజైమ్ చచ్చిపోయింది’ అనుకునేవాళ్లు చాలామంది. కణద్రవంలో ముందే ఉన్న బిస్‌ఫాస్ఫేట్ కూడా లెక్కని చెడగొడుతుంది కాబట్టి, చిన్న అణువులను వేరుచేసే చిన్న జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్ దాటించాకే కొలవండి.

ఇక్కడ కాలేయం ఒక ఉచ్చు. కాలేయం శాంపిల్ కూడా బిస్‌ఫాస్ఫేట్‌కి బాగా స్పందిస్తుంది, వెంటనే ‘ఎం2 దొరికింది’ అని రాసేస్తారు. అక్కడ స్పందించేది ప్రధానంగా పీకేఎల్‌ఆర్ నుంచి వచ్చిన ఎల్ రకం. అదీ బిస్‌ఫాస్ఫేట్‌తో చురుకయ్యేదే, కానీ వేరే జీన్. మీ పీకేఎం ప్రైమర్లు దాన్ని చూడనే చూడవు. కాలేయంలో పీసీఆర్ బ్యాండ్ పలచగా రావడానికి కారణం కూడా అదే. ఆ పలచటి బ్యాండ్‌లో ఉండే ఎం2 చాలావరకు కాలేయంలోని ఇతర కణాలది.

తరచూ వచ్చే మరికొన్ని సందేహాలు

కండరంలో కూడా కొంచెం ఎం2 ఎందుకు వచ్చింది? కండరం ముక్కలో రక్తనాళాలు, ఫైబ్రోబ్లాస్టులు కూడా ఉంటాయి. మెదడులో ఇది ఇంకా స్పష్టం: న్యూరాన్లలో ఎం1, ఆస్ట్రోసైట్లలో ఎం2 ఎక్కువ. టిష్యూ శాతాన్ని ఒక్క కణం శాతంగా రాయకండి.

కోయని లేన్‌లోనే కింద బ్యాండ్లు వస్తున్నాయి? ప్రైమర్లు వేరేచోట కూడా అంటుకుంటున్నాయి. అనీలింగ్ ఉష్ణోగ్రత పెంచి చూడండి. ఆ ముక్కలు సరిగ్గా 220, 180 దగ్గరే వస్తే మాత్రం ట్యూబులు మారాయేమో, ఎంజైమ్ చిందిందేమో చూడండి.

క్యూపీసీఆర్ (నకళ్లు పెరుగుతుండగానే కొలిచే పీసీఆర్) చేస్తే ఇదంతా అక్కర్లేదు కదా? చేయొచ్చు. ఎక్సాన్ 8-9 అతుకు మీద ఒక ప్రైమర్, 8-10 అతుకు మీద ఇంకొకటి పెట్టాలి. కానీ రెండు జంటల పనితనం సమానమని ప్లాస్మిడ్లతో చూపించకుండా ఎం1, ఎం2ల నిష్పత్తి రాయకూడదు. ఎక్సాన్ 9, 10 ఒకదాన్నొకటి చాలా పోలి ఉంటాయి కాబట్టి, ఎం1 ప్రైమర్ ఎం2 ప్లాస్మిడ్‌ని పట్టుకోవడం లేదని కూడా చూపించాలి.

మటన్ షాపు నుంచి తెచ్చిన మేక కండరం, ప్లీహం వాడొచ్చా? కోసి గంటలపాటు వేలాడదీసిన మాంసంలో ఆర్‌ఎన్‌ఏ మీద ఆశ పెట్టుకోవద్దు. కళ్లముందే కోసే చోట, పది పదిహేను నిమిషాల్లో సన్నటి ముక్క ఆర్‌ఎన్‌ఏ లేటర్‌లో వేయగలిగితే పని జరుగుతుంది. ముందు మీ గైడ్‌ని, కమిటీని అడగండి. ప్రైమర్లు మేక సీక్వెన్స్‌కి రాయించుకోండి, పీఎస్‌టీ-1 స్థానం మేకలో ఎక్కడుందో మొదటి మెట్టులో చెప్పినట్టు చూసుకోండి. యాక్టివిటీ పరీక్షకి అయితే తాజా మాంసం ఇంకా సులువు. ఐస్ మీద తెచ్చి అదే రోజు రుబ్బి కొలిచేయండి.